రెండు చీటీలు

విశాఖపట్నం మహారాణిపేటలో మందుల షాపు పెట్టి ఇరవై తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట "చీటీ ఉందామ్మా?" అయ్యుంటుంది. కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గరి డౌన్ దిగి వచ్చేవాళ్లు, పాడేరు నుంచీ శ్రీకాకుళం నుంచీ తెల్లారుజామునే బస్సెక్కి వచ్చినవాళ్లు, నలిగిపోయిన కాగితం పట్టుకుని కౌంటర్ ముందు నిలబడతారు. చీటీ ఉంటే మందు ఇస్తాను. లేకపోతే లేదు. 1940 నాటి మందుల చట్టం, 1945 నాటి రూల్సు. వాటి కింద ఇచ్చిన లైసెన్సు నా వెనక గోడ మీద ఫ్రేములో ఉంటుంది.

మొన్న మా అబ్బాయి ఒక మాట అడిగాడు. వాడు బి.ఫార్మసీ ఆఖరి సంవత్సరం. సాయంత్రాలు షాపులో కూర్చుంటున్నాడు. ఒక ముసలాయన చీటీ లేకుండా వస్తే వెనక్కి పంపేశాడు. ఆయన గేటు దాకా వెళ్లి ఆగి, మళ్లీ వెనక్కి చూశాడట. ఆ చూపు వాడికి రాత్రంతా గుర్తొచ్చింది. "నాన్నా, రూల్ చూసి ఇవ్వాలా, మనిషిని చూసి ఇవ్వాలా?" అన్నాడు. అన్నం ముందు కూర్చుని ఉన్నాను. జవాబు చెప్పలేకపోయాను. రెండు రాత్రులు ఆలోచించి ఇది రాస్తున్నాను.

ఈ ప్రశ్నకి ఒక పేరుందని నాకు మొదట చెప్పింది మాష్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యారు. బీపీ మాత్రల కోసం వచ్చి, కౌంటర్ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద ఆరింటి నుంచి ఏడున్నర దాకా కూర్చునేవారు. ఇప్పుడు లేరు. స్టూలు మాత్రం తీయలేదు.

ఒకరోజు చీటీ లేదని నేనెవరినో పంపేస్తుంటే చూసి, జోసెఫ్ ఫ్లెచర్ గురించి చెప్పారు. అమెరికాలో ఎపిస్కోపల్ చర్చి గురువు, నీతిశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు. 1966లో సిట్యుయేషన్ ఎథిక్స్ అనే పుస్తకం రాశాడు. ఏది మంచో తేల్చుకోవడానికి మనిషికి మూడు దారులున్నాయంటాడు ఆయన. ముందే రాసి పెట్టిన నియమాల పట్టీ ప్రకారం నడవడం ఒకటి. ఏ నియమమూ లేకుండా అప్పటికప్పుడు తోచింది చేసేయడం ఇంకొకటి. ఆయన చూపించింది మూడో దారి. పెద్దలు చెప్పిన నియమాలన్నీ వెంట పెట్టుకునే వెళ్లాలి, వాటిని గౌరవించాలి. కానీ ఎదురుగా ఉన్న మనిషి మేలుకి అవి అడ్డం వచ్చిన రోజున పక్కన పెట్టే ధైర్యం ఉండాలి. ఎప్పటికీ పక్కన పెట్టకూడనిది ప్రేమ ఒక్కటే.

ఆ పుస్తకం మొదట్లో సెయింట్ లూయిస్ ఊరి టాక్సీ డ్రైవరు ఒకడు వస్తాడు. ఎలక్షన్ల రోజులు. మా తాత ముత్తాతల నుంచీ అందరం ఒకే పార్టీకి ఓటేస్తాం అంటాడు. అయితే ఈసారి కూడా వాళ్లకేనా అని అడిగితే, లేదండీ, ఒక్కోసారి మనిషి తన సూత్రాలు పక్కన పెట్టి సరైన పని చేయాల్సొస్తుంది అంటాడు. మాష్టారు ఈ ముక్క చెప్పినప్పుడల్లా తొడ మీద చెయ్యి వేసి కొట్టుకునేవారు.

ప్రేమంటే సినిమాల్లో చూపించే ప్రేమ అనుకోకు, అనేవారు. ఫ్లెచర్ చెప్పేది గ్రీకులో అగాపే అనే మాట. ఎదుటివాడు నీకు నచ్చినా నచ్చకపోయినా వాడి మేలు కోరడం. తెలుగులో ఏమందాం మాష్టారూ అంటే, కాసేపు ఆలోచించి "ఆపేక్ష" అన్నారు. "రెండు మాటలకీ చుట్టరికం లేదయ్యా. చెవికి దగ్గరగా వినిపిస్తోందంతే. కానీ మా అమ్మ 'ఆపేక్ష ఉండాలిరా' అంటే అదే అర్థం." అప్పటి నుంచి నాకూ ఆ మాటే అలవాటయింది.

కౌశికుడి కథ కూడా ఆ స్టూలు మీద నుంచే విన్నాను. కర్ణపర్వంలో వస్తుంది. నదులు కలిసే చోట తపస్సు చేసుకునే బ్రాహ్మణుడు. ఎన్నడూ అబద్ధం ఆడనని వ్రతం పట్టాడు. దొంగలు తరుముతుంటే కొందరు పారిపోయి అక్కడి అడవిలో దాక్కున్నారు. వెనకే దొంగలు వచ్చి, ఎటు పోయారని అడిగారు. కౌశికుడు నిజం చెప్పాడు. దొంగలు వాళ్లని పట్టి చంపేశారు. నిజం చెప్పిన కౌశికుడు నరకానికి పోయాడు. తన గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చేయమన్నవాణ్ణి చంపుతానని ఒట్టు పెట్టుకున్న అర్జునుడు, ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి ధర్మరాజు మీదికి కత్తి దూసినప్పుడు కృష్ణుడు చెప్పిన కథ ఇది. జర్మనీలో కాంట్ అనే తత్వవేత్త 1797లో సరిగ్గా ఇలాంటి సందర్భమే తీసుకుని, తలుపు దగ్గరికి హంతకుడు వచ్చి అడిగినా సరే అబద్ధం ఆడకూడదని వ్యాసం రాశాడట. "కౌశికుడి పక్కన కాంట్ గారికి ఒక పీట వేయాలి" అని మాష్టారు బాధగానే అనేవారు. ఆయన జీవితమంతా కాంట్‌ని పాఠం చెప్పిన మనిషి.

ఇవన్నీ విన్నాక నాకు గుండె తేలికైంది. చీటీ లేదని పంపేసిన ప్రతిసారీ లోపల ఎక్కడో గీసుకుపోయేది. ఇకనుంచి మనిషిని చూసి ఇస్తాను, ప్రేమతో ఇస్తాను అనుకున్నాను. అలా అనుకున్న కొన్నాళ్లకే మామ్మగారు వచ్చారు.

2012. కృష్ణానగర్‌లో ఉండేవారు. డెబ్బై నాలుగేళ్లు. మొగుడు పోయి రెండు నెలలు. కర్మకాండలప్పుడు డాక్టరు ఏడు రోజులకి నిద్రమాత్రలు రాశారు. ఆ ఏడు రోజులు ఎప్పుడో అయిపోయాయి. అదే చీటీ పట్టుకుని వచ్చారు. "రాత్రిళ్లు ఆయన దగ్గినట్టే వినిపిస్తోంది బాబూ. లేచి నీళ్లిద్దామని చూస్తే మంచం ఖాళీ" అన్నారు. నేనేం ఆలోచించలేదు. ఆల్‌ప్రాజొలామ్ పాయింట్ టూ ఫైవ్, పది మాత్రల షీటు చేతిలో పెట్టాను. డబ్బులు కూడా తీసుకోలేదు.

పది రోజులకి మళ్లీ వచ్చారు. మళ్లీ ఇచ్చాను. అలా నాలుగు నెలలు.

ఐదో నెలలో ఒక రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ, ఆ తర్వాత వాకర్ లేకుండా నడవలేదు. వయసు మీద పడినవాళ్లలో ఆ మాత్రల మత్తు తొందరగా వదలదు, కాళ్లు తూలతాయి, పడే ప్రమాదం పెరుగుతుంది. వాడగా వాడగా మానడమూ కష్టమవుతుంది. ఇది నేను ఎక్కడో కొత్తగా విన్న విషయం కాదు. డి.ఫార్మసీలో చదివి, పరీక్షలో రాసి, పాసయిన విషయం. ఆ పడటానికి నా మాత్రే కారణమని ఎవరూ అనలేదు. ఆమె కొడుకు షాపుకి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని, "మా అమ్మని సొంత మనిషిలా చూసుకున్నారండీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

చాలాకాలం దాని గురించి ఎవరికీ చెప్పలేదు. చివరికి మాష్టారికి చెప్పాను. ఆయన ఓదార్చలేదు. "ఆమెకి నిద్ర లేకపోవడం చూసి ఎవరు బాధపడ్డారు?" అని అడిగారు. నేను, అన్నాను. "మాత్రలిచ్చాక ఎవరి బాధ తగ్గింది?" దానికి జవాబు చెప్పలేకపోయాను. ఆమెకి మేలు చేయాలంటే ఏం చేయాలో నాకు తెలుసు. కాసేపు కూర్చోబెట్టి ఆయన గురించి మాట్లాడనివ్వాలి. కొడుక్కి ఫోన్ చేసి, రాత్రిళ్లు అమ్మ ఒక్కతే పడుకుంటోందని చెప్పాలి. డాక్టరు దగ్గరికి మళ్లీ పంపాలి, పంపితే వెళ్లదు కాబట్టి తీసుకెళ్లాలి. దానికి ఒక పూట పడుతుంది. షీటు కత్తిరించి ఇవ్వడానికి అరనిమిషం చాలు. ఆ అరనిమిషానికి నేను ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

ఫ్లెచర్‌కి ఎదురు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. పోప్ పన్నెండో పయస్ అయితే ఆ పుస్తకం రాకముందే, 1952లోనే, ఇలాంటి ఆలోచన తప్పన్నాడు. నాకు నచ్చింది మాత్రం విలియం బార్‌క్లే అనే స్కాట్లండ్ బైబిలు పండితుడి మాట. మనుషులంతా పుణ్యాత్ములైతే ఈ పద్ధతికి మించింది లేదంటాడు. అలా లేరు కాబట్టే చట్టం కావాలి. ఫ్లెచర్ ఉదాహరణలన్నీ చావు బతుకుల మధ్యవి, అలాంటివి మనిషి జీవితంలో ఎన్నిసార్లు వస్తాయని కూడా అడుగుతాడు. నిజమే. నాకు ఎదురైనవన్నీ ఇలాంటివే, చిన్నవి, మధ్యాహ్నం పూట కౌంటర్ దగ్గర, వెనక ఇంకో నలుగురు నిలబడి ఉండగా వచ్చేవి.

2014 మార్చిలో షెడ్యూల్ హెచ్‌వన్ రూల్ అమల్లోకి వచ్చింది. నలభై ఆరు మందులకి వేరే రిజిస్టర్ పెట్టాలి. ఎవరు రాశారు, ఎవరికిచ్చాం, ఎన్ని ఇచ్చాం అన్నీ రాయాలి. ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. నిద్రకి వాడే ఆ మాత్ర కూడా ఆ పట్టీలో ఉంది. మా వీధి షాపులవాళ్లందరూ విసుక్కున్నారు. నేను కొత్త రిజిస్టర్‌కి అట్ట వేసి మొదటి పేజీలో గీతలు గీస్తుంటే మామ్మగారి వాకర్ చప్పుడు వినిపించినట్టయింది. మనకంటే ముందు ఎవరో ఇలాగే జాలిపడి ఇచ్చారు, ఇంకెవరో పడిపోయారు, అందుకే ఈ గళ్లు పుట్టాయి. అప్పటి దాకా రూలంటే నాకు ఆపేక్ష లేనివాళ్లు రాసిన కాగితం.

అదే ఏడు అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది.

ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి బీచ్ రోడ్డు నుంచి మా వీధి దాకా చెట్టన్నది నిలబడి లేదు. కరెంటు పోయింది. సెల్ టవర్లు పోయాయి. మర్నాడు పొద్దున రేకులు, కొమ్మలు, తీగలు దాటుకుంటూ షాపుకి నడిచి వెళ్లాను. షట్టర్ సగం ఎత్తి, లోపల కొవ్వొత్తి పెట్టి కూర్చున్నాను. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసాలు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాల్సినవి. ఐసు కోసం ఫిషింగ్ హార్బర్‌కి మనిషిని పంపితే అక్కడా లేదు.

పది గంటలకల్లా మనుషులు రావడం మొదలయింది. కొందరి ఇళ్లలోకి నీళ్లొచ్చి చీటీలన్నీ తడిసిపోయాయి. కొందరికి బీరువా మీద చెట్టు పడింది. ఏటీఎంలు పనిచేయవు. డాక్టర్లకి ఫోన్లు కలవవు. షుగరు పేషెంట్లు, ఫిట్స్ మందు వాడేవాళ్లు, గుండెకి స్టెంట్ వేయించుకున్నవాళ్లు. ఆ రోజు "చీటీ ఉందా" అని నేనెవర్నీ అడగలేదు. కానీ మామ్మగారి తర్వాత నేను పాత మనిషిని కాను. అడగడం మానలేదు, వేరేవి అడిగాను. ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారు, పొద్దున ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని, సీసా మూత ఏ రంగు, ఇంట్లో ఇంకెవరున్నారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు పట్టింది. వాడుతున్న సీసా ఎండ తగలకుండా మామూలు గది వేడిలో కొన్ని వారాలు నిలుస్తుందని, కొత్త కుండలో తడి ఇసక పోసి అందులో సీసా పెట్టుకోమని చెప్పి పంపాను. కుండ లేనివాళ్లకి మట్టి కూజా అన్నాను. డబ్బులు లేనివాళ్ల పేర్లు పిల్లవాడి నోట్సులో రాసుకున్నాను. పాల ప్యాకెట్లు నోటికొచ్చిన రేటుకి అమ్ముతున్న రోజులవి. నేను అసలు రేటు మీద ఒక్క రూపాయి వేయలేదు. ఆ నోట్సులో బాకీలన్నీ దీపావళి దాటిన కొన్ని వారాలకి తీరిపోయాయి, ఇద్దరివి తప్ప. ఆ ఇద్దరూ ఊళ్లో లేరు.

ఒక కుర్రాడు మాత్రం నిద్రమాత్రలు అడిగాడు. గాలి చప్పుడుకి భయమేస్తోంది, రెండు రాత్రులుగా నిద్ర లేదన్నాడు. ఇవ్వలేదు. లోపలికి పిలిచి, రాత్రి దాకా కూర్చోబెట్టి, మందులు సర్దడంలో సాయం చేయించుకున్నాను. ఏడింటికి ఆ స్టూలు మీదే, గోడకి తల ఆనించి నిద్రపోయాడు.

ఇక ఇంకో చీటీ సంగతి. మన ఊళ్లో చీటీ అంటే పాట చీటీ కూడా. చెంగలరావుపేటలో ఉండే పిన్నిగారు ముప్ఫై ఏళ్లుగా చీటీలు వేసేవారు. లక్ష చీటీ, ఇరవై మంది, నెలకి ఐదేసి వేలు, ఇరవై నెలలు. రిజిస్టరు లేదు, లైసెన్సు లేదు. చట్టం ఒప్పుకునే వ్యవహారం కాదని అందరికీ తెలుసు. ఆమె మాటే కాగితం. మా ఆవిడ కూడా సభ్యురాలు.

2018లో పిన్నిగారికి పేగులో గడ్డ అని ఆపరేషన్ చేశారు. కొడుకు నా దగ్గరికి మందుల చీటీ తెచ్చాడు. కేపెసైటబీన్, క్యాన్సర్‌కి వాడే మాత్ర. చూడగానే అర్థమయింది. "లివర్‌కి పాకిందన్నారండీ. అమ్మకి మామూలు గడ్డ అని చెప్పాం. మీరు కూడా ఏమనొద్దు. పెట్టె తీసేసి ఉత్త షీట్లు కవర్లో వేసివ్వండి" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సరేనన్నాను. ఆ కుర్రాడికి అమ్మంటే ప్రాణం. అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

మూడు నెలలకి ఒక మధ్యాహ్నం పిన్నిగారే వచ్చారు.

"బాబూ, రేషన్ డిపోలో నా యేలు పడ్డం లేదు. మిషను మీద నాలుగుసార్లు ఎట్టించాడు. ఏదైనా ఆయింట్‌మెంట్ ఇయ్యి."

అరచేతులు చూపించారు. ఎర్రగా కంది, వేళ్ల చివర్లు పొరలుపొరలుగా ఊడిపోతున్నాయి. ఆ మందు వాడేవాళ్లలో కొందరికి అలా అవుతుంది. వేలిముద్ర గీతలు కూడా చెరిగిపోతాయి. క్రీమ్ ఇచ్చి, ఈ సంగతి డాక్టరుకి తప్పకుండా చూపించండి, డోసు తగ్గిస్తారేమో అన్నాను. ఆమె కదల్లేదు.

"నోట్లు లెక్కెడుతుంటే మండిపోతన్నాయి. వచ్చే నెల కొత్త చీటీ మొదలెడతన్నాను. ఈ బిళ్లలు ఎన్నాళ్లు వాడాలేటి? ఇరవై నెల్లు నేను తిరగగలనా? నిజం సెప్పు బాబూ. ఇరవై మంది డబ్బు."

నా దగ్గర మాట లేదు. "రేపు సాయంత్రం రండి పిన్నిగారూ, చూసి చెప్తాను" అన్నాను. ఆ ఒక్క రోజు గడువు కోసం అదొక చిన్న అబద్ధం. చూడాల్సింది ఏమీ లేదు.

ఆ సాయంత్రం మాష్టారు వచ్చారు. అంతా చెప్పాను. ఎప్పుడూ కథలు చెప్పే మనిషి ఆ రోజు కథ చెప్పలేదు. "ఆ ఇరవై మంది ఎవరు?" అన్నారు. నాకు తెలిసినవాళ్లని చెప్పాను. హార్బర్లో చేపలు కొని ఇంటింటికీ అమ్ముకునే ఆమె, కూతురి పెళ్లి కోసం ఆఖరి పాట దాకా ఆగే మనిషి. నాలుగిళ్లలో పనిచేసే ఆమె. ఆటో డ్రైవరు భార్య. ఇడ్లీ బండి వాళ్లు. చివర్న మా ఆవిడ పేరు చెప్పాను. అది చెప్పేటప్పుడు నా మీద నాకే అనుమానం వచ్చింది. కొత్త చీటీలో మా డబ్బు కూడా పడబోతోంది కాబట్టి నేను నిజం వైపు మొగ్గుతున్నానా అని. మాష్టారికి ఆ మాట కూడా చెప్పేశాను.

ఆయన చాలాసేపు రోడ్డు వైపు చూశారు. "న్యాయమంటే నలుగురికీ పంచిన ప్రేమే, ఇంకేమీ కాదంటాడు ఫ్లెచర్" అన్నారు. "నువ్వూ ఆ అబ్బాయీ ప్రేమంతా ఒక్క మనిషి మీద పోశారు. అది కూడా ఆమెని అడక్కుండా. ఆ జబ్బు ఎవరిదయ్యా?" ఆ ప్రశ్న నేను అప్పటిదాకా వేసుకోలేదు. ఆ రహస్యం అసలు ఆమెది. మేమిద్దరం తీసుకుని దాచిపెట్టాం.

రాత్రి కొడుక్కి ఫోన్ చేశాను. "రేపటిలోగా మీరే చెప్పండి బాబూ. మీ నోటి నుంచి వింటే బాగుంటుంది. ఆమె నన్ను సూటిగా అడిగితే నేను అబద్ధం చెప్పలేను" అన్నాను. ముందు బతిమాలాడు. తర్వాత కోపం వచ్చింది. "మాటిచ్చారు కదండీ. మందులమ్ముకునేవాళ్లు మందులు అమ్ముకోవాలి" అని పెట్టేశాడు. ఆ మాటలో తప్పు లేదు. మాటిచ్చాను. ప్రాణం పోతుందన్నా మాట తప్పని బలిచక్రవర్తిని మెచ్చుకుంటూ పెరిగినవాణ్ణి. శుక్రాచార్యుడు ఎక్కడెక్కడ బొంకవచ్చో పద్యంలో పట్టీ ఇచ్చినా బలి వినలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఐదింటికే పిన్నిగారు వచ్చారు. స్టూలు మీద కూర్చోబెట్టి, షట్టర్ సగం దించాను. జబ్బు పేరు నేను చెప్పలేదు. చెప్పాల్సింది డాక్టరు, నేను కాదు. "కొత్త చీటీ మొదలెట్టకండి పిన్నిగారూ. డాక్టరు గారి దగ్గరికి మీరు వెళ్లండి. నాకన్నీ తెలియాలి, నాకే చెప్పండి అని అడగండి. మా ఆవిడ మీతో వస్తుంది" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత తన చేతుల వైపు చూసుకున్నారు. "మావోడికి తెల్సా?" అన్నారు. తెలుసన్నాను. "ఎన్నాళ్ల నుంచి?" మొదట్నుంచీ, అన్నాను. "ఒక్కడే మోస్తన్నాడా" అని లేచి వెళ్లిపోయారు.

తర్వాత జరిగింది మంచిగా రాయాలని నాకూ ఉంది. డాక్టరు దగ్గర నుంచి వచ్చాక వారం రోజులు ఆమె సరిగ్గా అన్నం తినలేదు. గుమ్మం బయటికి రాలేదు. మా ఆవిడ వెళ్తే గోడ వైపు తిరిగి పడుకున్నారు. కొడుకు షాపుకి వచ్చి, నలుగురి ముందు, "ఆ వారం నా అమ్మకి మీరిచ్చిందే" అని వెళ్లిపోయాడు. మళ్లీ నా షాపు మెట్లెక్కలేదు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ వారం నేనిచ్చిందే. తెలియకుండా ఉంటే ఆ ఏడు రోజులూ ఆమె మామూలుగా చారన్నం తిని, సీరియల్ చూసి, పడుకునేవారు. అబ్బాయికి ఇది కూడా చెప్పాలి. రూల్ ప్రకారం చేసిన పని తప్పయితే రూల్ మీద వేయొచ్చు. ఆపేక్షతో చేసింది తప్పయినా, ఒప్పయినా, మోయాల్సింది చేసినవాడే. నాది ఇంకా దిగలేదు.

ఎనిమిదో రోజున పిన్నిగారు అందర్నీ పిలిచి కొత్త చీటీ లేదని చెప్పేశారు. నడుస్తున్న చీటీకి ఇంకా ఆరు నెలలున్నాయి. ఆ ఆరు నెలలూ నడిపారు. మధ్యలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు. పాట రోజుకి మాత్రం ఇంట్లో ఉండేవారు. మా ఆవిడ పక్కన కూర్చుని పుస్తకంలో రాసేది.

ఆఖరి నెల ఆటోలో షాపుకే వచ్చారు. దించి లోపలికి తీసుకురావడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. వెనకే చేపల గంప పక్కన పెట్టి ఆఖరి సభ్యురాలు నిలబడింది. ఆఖరివాళ్లకి పాట ఉండదు, తరుగు ఉండదు, లక్ష లక్షా వస్తుంది. పిన్నిగారు గుడ్డసంచి నా ముందు పెట్టారు. అన్నీ ఐదువందల నోట్లు, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. "నా యేళ్లకి తెలీడం లేదు. నువ్వు లెక్కెట్టు" అన్నారు.

లెక్కపెట్టాను. నోట్లు మొత్తం రెండు వందలున్నాయి, సరిపోయాయి.

"మళ్లీ లెక్కెట్టు బాబూ" అన్నారు. మళ్లీ మొదలుపెట్టాను. ఆమె ఒక్కో నోటునీ చూస్తూ కూర్చున్నారు.